గంటపూలు ముడుచుకున్న రోజు

జాడీలో బురద కిందికి దిగడం లేదు.

లీటరు పట్టే పొడవాటి గాజు జాడీ అది. గాలితొట్టిలోంచి ముంచి తెచ్చిన బురదనీళ్ళు అందులో పోసి ముప్పై నిమిషాలు వదిలేయాలి. ఆ ముప్పై నిమిషాలూ బల్లమీద మోచెయ్యి ఆనించకూడదు, తలుపు గట్టిగా వెయ్యకూడదు, పక్కన నిలబడి దగ్గకూడదు. మామూలు రోజైతే ఐదు నిమిషాలకే గోధుమరంగు బురద తడిసిన రంపంపొట్టులా ముద్దలుముద్దలుగా కిందికి జారిపోతుంది. పైన నీళ్ళు తేరుకుంటాయి. అవతలి గోడకున్న క్యాలెండరులో అంకెలు ఆ నీళ్ళలోంచి చదవొచ్చు. ఇవాళ పదిహేను నిమిషాలైనా అంకెలు కాదుగదా, క్యాలెండరు ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

అతను కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మళ్ళీ చూశాడు. తప్పు కళ్ళద్దాలది కాదు.

"చంపేశారు వెధవలు," అన్నాడు పైకే. గదిలో ఎవరూ లేరు. ఉన్నా అనేవాడే.

అది ఊరి చివర మురుగునీటి ప్లాంటు. ఊరంతా కడుక్కున్నదీ, కక్కుకున్నదీ, వదిలించుకున్నదీ గొట్టాల్లో పడి ఇక్కడికే వస్తుంది. అతని గది ఒకప్పుడు క్లోరిను సిలిండర్లు పెట్టుకునే కొట్టు. ఒక కిటికీ, ఒక నీళ్ళతొట్టి, కాలు విరిగితే ఇటుకలు పెట్టి నిలబెట్టిన బల్ల, దానిమీద మైక్రోస్కోపు. వయసు యాభై ఆరు. బక్కపలచటి మనిషి. ఎడమ కన్ను ఎప్పుడూ కాస్త ముడుచుకుని ఉంటుంది, ఇరవై రెండేళ్ళుగా కుడికంటితోనే లోకాన్ని చూడటం వల్ల. వేళ్ళ చివర్ల చర్మం మందులకు కాలి నున్నబడిపోయింది. గేటు దగ్గర వేలిముద్ర మిషను పెట్టినప్పుడు అతని వేలు పెడితే అది ఎర్రదీపం వెలిగించి మనిషే లేడంది. "నిజమే చెప్పింది పాపం," అన్నాడు అతను. ఆఫీసు కాగితాల్లో అతను ఇప్పటికీ హెల్పరు. చేసేది కెమిస్టు పని.

ప్లాంటులో అందరూ డాక్టరని పిలుస్తారు. ఎగతాళికే పెట్టారు ఆ పేరు. చివరికి అదే నిలబడిపోయింది.

చేరింది మాత్రం పారపనికి. ఎండిన బురద లారీకెత్తే పని. పంపుల దగ్గర పనిచేసే బావ, అంటే భార్యకి అన్నగారు, ఎవరి కాళ్ళో పట్టుకుని ఇప్పించాడు. అప్పట్లో ఈ గదిలో కెమిస్టమ్మ ఉండేది. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ కోపంగా ఉండే మనిషి. ఒకరోజు ఇతను కిటికీలోంచి తొంగిచూస్తుంటే, "చూసేవాడివి సరిగ్గా చూడు," అని పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

ఆ రోజు చూసింది అతను ఈ జన్మకి మరిచిపోడు. రోజూ పారతో ఎత్తి, చెప్పులకంటితే తిట్టుకుంటూ కడుక్కునే బురద. అందులో ఒక ఊరు ఊరంతా కాపురం ఉంది. సన్నటి కాడలమీద గంటల్లాంటి పూలు. గంట అంచు చుట్టూ వెంట్రుకలు, ఆ వెంట్రుకలు తిప్పుతుంటే నీళ్ళు సుడితిరిగి గంటలోకి పోతున్నాయి. ఎక్కడ చిన్న అదురు తగిలినా కాడ స్ప్రింగులా చుట్టుకుని పువ్వు వెనక్కి లాగేసుకుంటోంది. కాసేపటికి మళ్ళీ మెల్లగా సాగుతోంది. అతను వాటికి గంటపూలని పేరు పెట్టుకున్నాడు. కెమిస్టమ్మ చెప్పిన పేరు నోరు తిరగలేదు. చెప్పు అడుగులా ఉండి ఒళ్ళంతా నూగుతో దూసుకుపోయేది చెప్పుగాడు. ఒక ఆకారమంటూ లేకుండా కారిపోతూ, ఎటు తిండి ఉంటే అటు కాలు మొలిపించుకునేది బద్ధకం. తోక ఆడించుకుంటూ తిరిగేవి తోకగాళ్ళు. వాటి మధ్యన చుక్కలూ పుల్లలూ దారాలూ, లెక్కపెట్టే ఓపిక దేవుడికి కూడా ఉండదనిపించేటన్ని. అవి బాక్టీరియా.

"ఈ చుక్కలది ఒంటిగది ఇల్లు," అని చెప్పింది కెమిస్టమ్మ. "వంట అందులోనే, పడక అందులోనే, ఇంటి దస్తావేజులూ ఆ గదిలోనే ఓ మూల పడి ఉంటాయి. నీ గంటపూలది గదులున్న ఇల్లు. దస్తావేజులకి వేరే గది, తలుపు, తాళం. మురుగుని తినేది ఒంటిగదివాళ్ళు. విడివిడిగా తేలే ఒంటిగదివాళ్ళని తిని నీళ్ళు తేటగా చేసేది గదులున్నవాళ్ళు. మనమందరం చేసేది వాళ్ళకి గాలి కొట్టడం. అంతే."

ఆ మాట ఇంటికెళ్ళి చెబితే భార్య గది నాలుగు గోడలూ చూసి, "అయితే మనం బాక్టీరియా," అంది. అప్పుడు వాళ్ళది ఒంటిగదే. ఇప్పుడూ ఒంటిగదే.

బురద ముగ్గే పెద్ద డ్రమ్ములో మండే గ్యాసు పుట్టించేవి కొన్ని ఉన్నాయి. చూడ్డానికి అచ్చం బాక్టీరియాలాగే ఉంటాయట, వంశం మాత్రం వేరట. అది విని బావ, "నాలాగన్నమాట. మీ ఇంట్లోనే తింటాను, ఇంటిపేరు వేరు," అన్నాడు. తన భార్య పోయినప్పట్నించీ బావకి రాత్రి భోజనం వీళ్ళింట్లోనే. ఆ జోకు పదేళ్ళుగా నడుస్తోంది.

కెమిస్టమ్మ రిటైరైంది. ఆవిడ కుర్చీలోకి ఎవరినీ వెయ్యలేదు. "ప్రస్తుతానికి నువ్వు చూస్తుండు," అన్నారు. ఆ ప్రస్తుతానికి పదకొండేళ్ళు.

అతను జాడీని వదిలేసి ఒక చుక్క తీసి గాజుపలక మీద వేశాడు. దీపం వెలిగించి కుడికన్ను ఆనించాడు.

గంటపూలన్నీ ముడుచుకుని ఉన్నాయి. ఒక్కటి కూడా సాగడం లేదు. కాడలు చుట్టుకుపోయి బురదముద్దల్ని పట్టుకుని ఉన్నాయి, చలికి మోకాళ్ళు దగ్గరికి లాక్కున్న మనుషుల్లా. ఇంకా పక్కకి జరిపితే అంతకంటే పాడు దృశ్యం. ఉత్త కాడలు. నీళ్ళు బతకడానికి పనికిరానప్పుడు గంటపువ్వు కాడని అక్కడే వదిలేసి, అడుగున కొత్త నూగు మొలిపించుకుని ఈదుకుంటూ వెళ్ళిపోతుంది. ఇల్లూ వాకిలీ వదిలేసి పిల్లాపాపలతో పోయినట్టు. ఇరవై రెండేళ్ళలో అలాంటి ఉత్త కాడలు అతను రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ తొట్టి చచ్చిపోయింది.

మురుగు లోపలికొచ్చే ఇన్‌లెట్ దగ్గర ముంచిన సీసా తీసి పీహెచ్ కాగితం ముంచాడు. కాగితం ఎర్రబడింది. రంగుల పట్టీ పక్కన పెట్టి పోల్చుకుంటే మూడు. ఏడుండాలి. తొట్టిలో నీళ్ళు ఇంకా ఐదున్నర దగ్గరే ఉన్నాయి. అంటే ఇప్పుడే మొదలైంది. అంటే ఇంకా టైముంది.

యాసిడ్. మురుగు కాలవకి ఎగువన ఇనుప సామాన్లకి పూత పూసే ఫ్యాక్టరీ ఉంది. తొట్లు కడిగినప్పుడల్లా చీకటితో వదిలేస్తారు. అతను మూడేళ్ళుగా రాస్తూనే ఉన్నాడు. ఫ్యాక్టరీ గురించి రాశాడు. వచ్చే మురుగుని ఆపే ఇనుప గేటు బిగుసుకుపోయిందని రాశాడు. గ్యాసు చూసే మీటరు కావాలనీ, ముక్కుకి మాస్కు కావాలనీ రాశాడు. రాసిన ప్రతి కాగితానికీ ఆఫీసు వాళ్ళు ముద్ర కొట్టి నకలు చేతికిచ్చారు. నకళ్ళ కట్ట బల్ల విరిగిన కాలికింద, ఇటుకకీ చెక్కకీ మధ్యన ఉంది. కనీసం అక్కడైనా పనికొస్తున్నాయి.

కిటికీ దగ్గర గాజు చప్పుడైంది. తల తిప్పక్కర్లేదు. బావే.

బావ రోజూ ఈ టైముకి పంపుల షెడ్డు నించి టీ తెచ్చుకుని ఈ కిటికీ గట్టుమీద కూర్చుని తాగుతాడు. తాగేది ల్యాబు బీకరులో. ల్యాబు సామాను నోట పెట్టకూడదని అతను కొన్ని వందలసార్లు అరిచాడు. "గ్లాసైతే చెయ్యి కాలుతుంది. దీనికి గీతలు కూడా ఉన్నాయి, ఎంత తాగానో తెలుస్తుంది," అంటాడు బావ. మూతకి కూడా ల్యాబు పళ్ళెమే. అరవై దగ్గరపడిన మనిషి, బాన పొట్ట, ముంజేతులమీద గ్రీజు మచ్చలు, ఒక చెప్పుకి తీగతో కుట్టు.

"ఏం డాక్టరూ, పేషెంటు ఎలా ఉంది?"

రోజూ ఈ ప్రశ్నకి అతను నీకంటే నయం అంటాడు. ఇవాళ అనలేదు.

బావ ఓ గుక్క తాగాడు. పైప్రపంచం సంగతులు చెప్పుకుపోయాడు. మూడో పంపు మూలుగుతోంది. ఇన్‌స్పెక్షన్‌కి పెద్దవాళ్ళు పన్నెండింటికి వస్తున్నారట, వాచ్‌మనుకి కొత్త టోపీ ఇచ్చారట. పొద్దున్న ఆ ఇనుప గేటుండే లోతు చాంబరు దగ్గర గుప్పుమని కుళ్ళు వాసన కొట్టిందట, కళ్ళు మండిపోయాయట. "తొంగిచూస్తూ ఉన్నాను గదా, కాసేపటికి అసలు వాసనే లేదు. శుభ్రంగా ఉంది," అన్నాడు.

"మంచిదే," అన్నాడు అతను, కన్ను మైక్రోస్కోపు మీంచి ఎత్తకుండా. అతని బుర్రలో ఉత్త కాడలే ఉన్నాయి. ఎవడి మెడ పట్టుకోవాలా అన్న కోపం ఉంది. మాట చెవిలో పడింది. లోపలికి పోలేదు.

లేచి, సీసా ఒక చేత్తో, ఎర్రకాగితం ఒక చేత్తో పట్టుకుని బయల్దేరాడు. వెనకనించి బావ, "షెడ్డుకెళ్ళి వస్తా, టీ సగం ఉంది, పారబోయకు," అన్నాడు.

ఇంజనీరుకి ముప్పై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. కుర్చీ చూపించి మీరు అని పిలుస్తాడు. అతను కూర్చోలేదు. ఎర్రకాగితం తీసి సరాసరి ఇన్‌స్పెక్షను ఫైలు మీద పెట్టాడు.

"గేటు దింపి నీళ్ళు ఖాళీ తొట్టిలోకి మళ్ళించండి సార్. ఇప్పుడే."

ఇంజనీరు కాగితాన్ని పెన్నుతో పక్కకి జరిపాడు. పన్నెండింటికి పైవాళ్ళొస్తున్నారనీ, ఖాళీ తొట్టినిండా యాసిడ్ నీళ్ళు కనబడితే ఏమని చెప్పమంటారనీ అడిగాడు.

"ఏముందో అదే చెప్పండి."

రిజిస్టరులో ఎంత రాశారని అడిగాడు ఇంజనీరు. ఇంకా రాయలేదంటే, ఏడు రాయమన్నాడు. ఈ ఒక్కరోజుకీ. రేపు తీరిగ్గా చూసుకుందామన్నాడు.

"రేపటికి ఏం మిగలదు సార్ చూసుకోడానికి."

"మీ పురుగులేగా. మళ్ళీ పుడతాయి."

అతనికి చెవులు వేడెక్కాయి. గొంతు పెంచకూడదనుకున్నాడు. పెరిగింది. పోయినసారి తొట్టి చస్తే మళ్ళీ నిలబడటానికి యాభై రోజులు పట్టిందని చెప్పాడు. వేరే ప్లాంటు నించి డ్రమ్ముల్లో బురద అరువు తెచ్చి, రాత్రీ పగలూ గాలి కొట్టి, మొదట చుక్కలు, తరవాత తోకగాళ్ళు, ఆ తరవాత చెప్పుగాళ్ళు వచ్చి, గంటపూలు కాడ నిలబెట్టేసరికి యాభై రోజులు. ఆ యాభై రోజులూ ఊరి మురుగంతా ఎలా వచ్చిందో అలాగే నదిలోకి పోయిందనీ, దిగువన ఆ నీళ్ళు తాగి పసిపిల్లలు ఆసుపత్రి వరండాల్లో నేలమీద పడుకున్నారనీ చెప్పాడు. తను వెళ్ళి చూశాడు. ఈ ఇంజనీరు అప్పటికింకా కాలేజీలో ఉన్నాడు.

"పురుగులు కావు సార్ అవి. మీరూ నేనూ చెయ్యని పని చేస్తున్నాయి. జీతం కూడా అడక్కుండా."

బయట వరండాలో గుమాస్తాలు పని ఆపి వింటున్నారు. ఇంజనీరు అది గమనించాడు.

"సరే. దింపిస్తాను. మీరు అరవకండి."

"గేటు చక్రం తిరగదు సార్. లోపల గుడ్డలు ఇరుక్కున్నాయి. చెయిను పుల్లీ తెప్పించండి."

ఇంజనీరు తలూపాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అతను గుమ్మం దాటాడు.

వరండాలో నడుస్తుంటే ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ ఆఫీసులో తన మాట నెగ్గిందనిపించింది. వీపు దానంతటదే నిటారైంది. గదికొచ్చి కొత్త చుక్క వేసుకున్నాడు. గంటపూలు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. "కాస్త ఓర్చుకోండి. పుల్లీ వస్తోంది," అన్నాడు వాటితో. చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు చూశాడో తెలియదు. ఒక చెప్పుగాడు గోడకి కొట్టుకుంటున్నవాడిలా వచ్చినచోటికే మళ్ళీ మళ్ళీ వస్తుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

నడుం నొప్పెట్టి తలెత్తితే కిటికీ గట్టుమీద బీకరు కనబడింది. పైన పళ్ళెం మూత. లోపల సగం టీ. షెడ్డుకెళ్ళి వస్తానన్నాడు.

షెడ్డు రెండు నిమిషాల దూరం.

అప్పుడు దిగింది ఆ మాట లోపలికి. గుప్పుమంది. కాసేపటికి అసలు వాసనే లేదు.

చాంబరు అడుగున గాలి ఆడని నల్లబురద ఉంటుంది. అందులో ఉండే ఒంటిగదివాళ్ళకి మనం పీల్చే గాలి అక్కర్లేదు, గాలే వాళ్ళకి విషం. నీళ్ళలో ఉప్పుల్లోంచి ఊపిరి లాక్కుని, కుళ్ళుగుడ్డు వాసనేసే గ్యాసు వదులుతారు. భూమ్మీద గాలి పుట్టకముందు నించీ ఉన్నవాళ్ళు, మనకంటే ముందొచ్చినవాళ్ళు, వాళ్ళ తప్పేం లేదనేది కెమిస్టమ్మ. మామూలుగా ఆ గ్యాసు చాలామటుకు నల్లబురదలోనే అణిగి ఉంటుంది. దానిమీద యాసిడ్ పడితే మొత్తం ఒక్కసారి లేస్తుంది. ఇది అతనికి తెలుసు. పీహెచ్ కాగితం ఎర్రబడ్డప్పుడే తెలియాలి. తొట్టి గురించి తెలిసింది. చాంబరు గురించి తట్టలేదు.

"వాసన వస్తున్నంతసేపూ నువ్వు బతికున్నట్టు," అనేది కెమిస్టమ్మ. "వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు. ముక్కు చచ్చిందని. ముక్కు తరవాత నువ్వే." ఆ మాట అతనే చాంబరు గోడమీద ఎర్రరంగుతో రాశాడు, ఒక్కో అక్షరం జానెడు. పోయినేడు ఇన్‌స్పెక్షనుకి గోడలకి సున్నం వేసినప్పుడు దానిమీదా వేసేశారు.

పరిగెత్తాడు. మోకాలు బల్లకి తగిలి జాడీ ఊగింది. ఆగలేదు.

చాంబరు ఇనుప మూత పక్కకి తీసి ఉంది. గట్టుమీద చెప్పులు రెండూ జతగా, పక్కపక్కనే, గుమ్మం ముందు విడిచినట్టు ఉన్నాయి. వాటిలో ఒకదానికి తీగ కుట్టు. వాచ్‌మను కొత్త టోపీతో గట్టుమీద వంగి పిలుస్తున్నాడు. చెప్పాడు, ఆఫీసు నించి షెడ్డుకి ఫోనొచ్చిందట. పుల్లీ రావడానికి రెండు గంటలు పడుతుంది, డాక్టరు గోల చేస్తున్నాడు, నువ్వు ఇదివరకు దిగినవాడివేగా, గుడ్డలు కొట్టేసి దింపెయ్ అన్నారట. దిగాడట. గునపంతో నాలుగు దెబ్బలు వినబడ్డాయట. గేటు ధడేల్మని పడిందట. తరవాత పిలిస్తే పలకడం లేదట.

నాలుగు నిలువుల లోతు. కింద చీకట్లో తెల్లబనీను వీపు కనబడింది. కదలడం లేదు.

వాచ్‌మను టోపీ తీసి పక్కన పెట్టి ఇనుపమెట్టు మీద కాలు వేశాడు. అతను వెనకనించి చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

"వదలండి. తడిగుడ్డ కట్టుకుని దిగుతా."

"దిగకు."

"మీ బావండీ ఆయన!"

"తెలుసు," అన్నాడు అతను. కాలరు వదల్లేదు. "దిగితే ఇద్దరవుతారు."

ఆ మాట అన్నందుకు వాచ్‌మను అతన్ని చూసిన చూపు ఉంది, దాన్ని ఏ అద్దం కింద పెట్టి చూడాలి. అతను గొట్టం తెమ్మని అరిచాడు. గాలిమిషనుకి తగిలించే పొడుగు గొట్టం ఉంటే లోపలికి గాలి కొట్టొచ్చు. ఎలక్ట్రీషియను పరిగెత్తుకెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. గొట్టం ఇంజనీరు క్వార్టర్ల తోటకి పోయి ఆరునెలలైంది. తాడు వేశారు. తాడు ఉన్నది పట్టుకునేవాడికి. ఫైరింజనుకి ఫోను చేశారు. అతను గట్టుమీద బోర్లా పడుకుని, ముఖం పక్కకి తిప్పి ఊపిరి పీల్చుకుని, లోపలికి తిరిగి, "బావా," అని పిలిచాడు. మళ్ళీ ముఖం తిప్పాడు. పీల్చాడు. పిలిచాడు. ఒంట్లో ప్రతి ఎముకా దిగమంటోంది. తెలిసినది ఒక్కటే ఆపుతోంది. ఆ తెలివిని తిట్టుకున్నాడు. నేర్పిన ఆవిణ్ణి తిట్టుకున్నాడు.

ఫైరువాళ్ళు నలభై నిమిషాలకి వచ్చారు. వీపుకి సిలిండరు కట్టుకున్న మనిషి దిగి, నడుముకి పట్టా వేసి పైకి పంపాడు. బావ ముఖం ప్రశాంతంగా ఉందని తరవాత అందరూ అన్నారు. అదేం కాదు. పని మధ్యలో ఏదో అడగబోయి ఆగినట్టుంది. కుడిచెయ్యి గునపం పట్టుకున్నట్టే ముడుచుకుని ఉండిపోయింది. విప్పబోతే విప్పుకోలేదు.

పన్నెండింటికి వచ్చిన పెద్దవాళ్ళు కారులోంచే చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

బావని వ్యానులో తీసుకెళ్ళాక అతను సున్నం గోదాముకి వెళ్ళాడు. బస్తా భుజానికెత్తుకుని గాలితొట్టి దగ్గరికి మోసి, డ్రమ్ములో కలిపి, యాసిడ్ విరిగేలా కొంచెం కొంచెంగా వదిలాడు. రెండోది మోశాడు. మూడోది. ఎలక్ట్రీషియను వచ్చి, ఇప్పుడెందుకండీ ఇది, ఇంటికెళ్ళండి అన్నాడు.

"గేటు దింపాడు వాడు," అన్నాడు అతను. "పూర్తిగా దింపాడు. చుక్క కూడా రావడం లేదు చూడు. ఇప్పుడు తొట్టి చచ్చిందనుకో, ఇక వాడు దిగింది ఎందుకు?"

నాలుగో బస్తా దించుతుంటే ఇంజనీరు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం. గొంతు నిజంగానే వణుకుతోంది. అనుమతి లేకుండా, ఎవరికీ చెప్పకుండా, సొంత నిర్ణయంతో దిగాడని ఉంది అందులో. కింద సాక్షి అని గీత. ఇలా రాస్తేనే కుటుంబానికి ఆఫీసు నించి ఏదైనా వేగంగా వస్తుందనీ, లేకపోతే కోర్టుల చుట్టూ తిరగాలనీ చెప్పాడు. అతను కాగితం చదివాడు. సున్నం చేతులతోనే పట్టుకున్నాడు. మడతపెట్టి తిరిగి ఇంజనీరు జేబులో పెట్టాడు, చాలా జాగ్రత్తగా, పిల్లాడి జేబులో చిల్లర పెట్టినట్టు. జేబుమీద తెల్లటి వేళ్ళు పడ్డాయి. ముద్రలు లేని వేళ్ళు.

"రిజిస్టరులో రాస్తాను సార్. రోజూ రాసేదేగా."

గదికొచ్చి చేతులు కడుక్కుని రిజిస్టరు తెరిచాడు. పేజీలకి నంబర్లు అచ్చయి ఉంటాయి, చింపితే తెలిసిపోతుంది. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు, ఇన్‌లెట్ పీహెచ్ మూడు. గంటపూలు ముడుచుకున్నాయి, ఉత్త కాడలు పన్నెండు. తొమ్మిదికి ఇంజనీరుగారికి చెప్పాను, ఏడు రాయమన్నారు. పుల్లీ అడిగాను. పుల్లీ రాలేదు, ఫోను వెళ్ళింది. గేటు పదకొండుకి ముందు దిగింది. దింపిన మనిషి చనిపోయాడు. మీటరు లేదు, మాస్కు లేదు, గాలిగొట్టం క్వార్టర్లలో ఉంది. ఈ విషయమై ఇదివరకు ఇచ్చిన కాగితాల నకళ్ళు నా దగ్గరున్నాయి.

అక్కడితో ఆపొచ్చు. పెన్ను మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు.

వాసన ఆగిపోయిందని చనిపోయిన మనిషి ఎనిమిదిన్నరకి నాకు చెప్పాడు. నేను విన్నాను. మంచిదే అన్నాను.

సంతకం పెట్టాడు. వంగి బల్ల కాలు ఎత్తి నకళ్ళ కట్ట లాగి సంచిలో పెట్టుకున్నాడు. బల్ల ఒక పక్కకి ఒరిగింది.

వెళ్ళబోతూ ఆగాడు. ఎందుకు ఆగాడో తెలియదు, చెయ్యి అలవాటుగా ఒక చుక్క తీసి పలకమీద వేసింది. కన్ను ఆనించాడు.

ఒక పువ్వు కాడ సాగుతోంది. ఆగి, మళ్ళీ సాగి, నిటారుగా నిలబడింది. గంట విచ్చుకుంది. నూగు తిరగడం మొదలెట్టింది. పక్కన ఇంకొకటి. ఆ పక్కన నాలుగు. ఏమీ ఎరగనట్టు, ఏ పాపం తెలియనట్టు, సిగ్గులేకుండా విచ్చుకుంటున్నాయి. అతను బొటనవేలు పలక మీద పెట్టాడు. ఒక్కసారి నొక్కితే చాలు. అలా ఎంతసేపు ఉంచాడో, చివరికి తీసేసి దీపం ఆర్పాడు.

సంధ్యవేళ ఇంటికి చేరేసరికి కబురు ముందే వచ్చేసింది. ఒంటిగది నిండా ఆడవాళ్ళున్నారు. భార్య గోడకానుకుని కూర్చుంది. ఏడవడం లేదు. అన్నం తినే కంచాలు మూడూ పొద్దున్న కడిగి బోర్లించినవి అలాగే ఉన్నాయి. అతను వచ్చి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఆమె అతని చొక్కామీది సున్నం చూసింది, మోకాలి దెబ్బ చూసింది.

"అన్నయ్య దిగేటప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

ఇరవై రెండేళ్ళుగా తనేం చేస్తున్నాడో ఆమెకి తెలుసు. అయినా అడిగింది. అడిగే హక్కు ఉంది.

"చూస్తున్నాను," అన్నాడు అతను.

ఆమె ముఖం తిప్పుకుంది. ఆ రాత్రి గానీ, ఆ తరవాత చాలారోజుల వరకూ గానీ ఇటు తిప్పలేదు.

రిజిస్టరు మర్నాడే ఆఫీసు వాళ్ళు పట్టుకెళ్ళారు. నకళ్ళ కట్టతో అతను ఇప్పుడు రోజు మార్చి రోజు కోర్టు వరండాలో కూర్చుంటున్నాడు. అతని కుర్చీలోకి ఎవరినీ వెయ్యలేదు. గదికి తాళం వేశారు. ఒరిగిన బల్ల అలాగే ఉంది, జాడీలో బురద ఎప్పుడో అడుగుకి చేరిపోయింది. కిటికీ గట్టుమీద, గాజు పళ్ళెం మూతకింద, గీతల బీకరులో సగం టీ ఉంది. మొదట దానిమీద సన్నటి తెల్లటి పొర కట్టింది, తరవాత లోపల మబ్బులా కదలడం మొదలైంది, ఇప్పుడా టీ మట్టం వంద గీతకి కాస్త కిందికి దిగింది.